గుట్ట కింది గుడిసెలకు బొట్టు పిలుపు

నా చిన్నప్పుడు గోపన్‌పల్లి ఒక ఊరు. ఈ మాట చెబితే మా అపార్ట్‌మెంట్ పిల్లలు నవ్వుతారు. వాళ్లకు అది పట్నంలో క్యాబ్ డ్రైవర్‌కు చెప్పే గుర్తు, అంతే. అప్పుడక్కడ జొన్నచేలు ఉండేవి, జామతోటలు ఉండేవి, ఎటు చూసినా రాళ్ల గుట్టలు ఉండేవి. వాటిని తలుచుకొని మురిసిపోయే ఓపిక ఇప్పుడు నాకు లేదు. పొద్దున లేస్తే మోకాళ్ల నొప్పులు, మధ్యాహ్నం సంఘం మీటింగులు, సాయంత్రం ఎవరో ఒకరి గోడు. ఇదంతా ఎందుకు నెత్తికెత్తుకున్నావని మా పిల్లలు అడుగుతూనే ఉంటారు. ఎందుకంటే ఏం చెప్పను? నాలుగో తరగతిలో ఉండగా మా నాయనమ్మ వెనకాల ఒక గుట్ట దాకా నడిచాను. ఆ అలుపు ఇంకా తీరలేదు.

మా నాన్న ఊయలలో ఉండగానే మా తాత పోయాడట. అప్పటినుంచి నాయనమ్మ నుదుటిన బొట్టు లేదు, చేతికి గాజు లేదు. ఊళ్లో పెళ్లి అయినా, పేరంటం అయినా ఆమె పెరట్లోనే ఉండేది. పప్పు రుబ్బడం దగ్గర నుంచి గిన్నెలు తోమడం దాకా పని మాత్రం ఆమెది. పందిట్లోకి మాత్రం వచ్చేది కాదు. ఎవరూ రావద్దని అనేవాళ్లు కాదు, రమ్మనీ అనేవాళ్లు కాదు. ఆమె నోరు మాత్రం చాలా గట్టిది. ఊరి పెద్దలు కూడా ఆమె ఎదురైతే పక్క సందులోకి మళ్లేవాళ్లు.

ఆ రోజుల్లో మా ఊళ్లో మహిళా మండలి పెట్టారు. ఒక గ్రామసేవిక బస్సు దిగి, మట్టిరోడ్డున నడుచుకుంటూ వచ్చేది. కోస్తా వైపు మనిషి, మాటకు ముందొక అండి, వెనకొక అండి. ఊరి పటేలు గారి భార్య, మేమంతా పటేలమ్మ అనేవాళ్లం, ఆ మండలికి అధ్యక్షురాలు. చెడ్డమనిషి కాదు. తన ఇంటి పక్కనున్న రాతి కొట్టాన్ని ఖాళీ చేయించి మండలికి ఇచ్చింది. అందులో బాల్వాడి పెడదామనుకున్నారు. తల్లులు పనికి పోతే పసిపిల్లలను చూసుకోవడానికి ఒక ఆయమ్మ, మధ్యాహ్నం పిల్లలకింత ఉప్మా. నాయనమ్మ కూడా మండలిలో సభ్యురాలే. చాప చివర కూర్చునేది, అందరికంటే ఎక్కువ మాట్లాడేది.

ఊరి పిల్లలకు బాల్వాడి ఉన్నా లేకున్నా గడిచేది. ఇంటికో ముసలమ్మ ఉండేది, లేదంటే వీధి అరుగులు ఉండేవి. అది నిజంగా కావలసింది గుట్ట కింద ఉన్నవాళ్లకు. పాలమూరు వైపు నుంచి రాళ్లు కొట్టడానికి వచ్చిన కుటుంబాలు అక్కడ గుడిసెలు వేసుకొని ఉండేవి. మా చేను ఆ దారిలోనే ఉండేది కాబట్టి సెలవు రోజుల్లో నాన్నకు సద్ది పట్టుకుపోతూ నేను వాళ్లను చూసేదాన్ని. అందులో ఒక చిన్నవయసు తల్లి ఉండేది. ఆమె బిడ్డకు రెండేళ్లో, మూడేళ్లో. తల్లి సుత్తె పట్టుకుంటే బిడ్డ రాళ్ల మధ్యకు పోతుందని, పాత చీర పేలికతో బిడ్డ నడుముకు ముడివేసి, రెండో కొసను ఒక గుంజకు కట్టేది. ఆ పేలిక ఎంత దూరం వస్తే అంత దూరమే ఆ పిల్ల ఆట.

రోజూ మధ్యాహ్నం గుట్టకు తూటాలు పెట్టి పేల్చేవాళ్లు. ముందుగా ఒకతను ఎర్రగుడ్డ ఊపుతూ, దూరం జరగమని 'హుషార్, హుషార్' అంటూ అరిచేవాడు. అరుపు వినగానే ఆ తల్లి అవతల ఎక్కడున్నా పరుగెత్తుకుంటూ వచ్చి, ముడి విప్పి, బిడ్డను చంకనేసుకొని బండచాటుకు పోయేది. ఒకరోజు నాయనమ్మ నాతో చేనికి వచ్చింది. మేము అక్కడుండగానే అరుపు వినిపించింది, తల్లి పరుగెత్తింది, కానీ ఆ రోజు ముడి బిగుసుకుపోయింది. పళ్లతో లాగింది, అయినా రాలేదు. చివరికి గుంజనే పీకి, పిల్లతో, గుంజతో కలిపి ఈడ్చుకుంటూ పోయి పడింది. పేలుడు అయ్యాక చూస్తే, పిల్ల ఆడుకున్న చోట పలకంత రాయి దిగబడి ఉంది. నాయనమ్మ చేతిలోని సద్దిగిన్నె కింద పెట్టి అక్కడే కూలబడింది.

ఆమెకు ఆ రోజు నుంచి నిద్ర లేదు. బాల్వాడి తొందరగా తెరవాలని మండలి వాళ్ల ప్రాణం తీసింది. చివరికి రోజు కుదిరింది. ఆయమ్మ ఒక్కతే కాబట్టి కొట్టంలో పట్టినంతమందినే తీసుకుంటామని, ప్రారంభం రోజు తల్లితో వచ్చి కూర్చున్న పిల్లలకే చోటని గ్రామసేవిక చెప్పింది. ఆ రోజు రాకపోతే చోటు ఊరి పిల్లలతో నిండిపోతుంది. ఆ పాప గుంజ దగ్గరే ఉండిపోతుంది. నాయనమ్మకు ఆ ఒక్కటే ధ్యాస.

మండలి వాళ్లు డప్పు చాటింపు వేయించారు. ఊళ్లో వేయించారు, గుట్ట దగ్గరా వేయించారు. అందులో ఎవరి తప్పూ లేదు. అయితే డప్పు కొట్టే ఆయన తిరిగి వచ్చి, గుడిసెలకు తడికెలు పెట్టి ఉన్నాయని, పిల్లగాడన్నవాడు కూడా కనిపించలేదని చెప్పాడు. మండలి ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పిలిచినం, రాలే. ఇగ మనమేం జేస్తం?" అంది పటేలమ్మ. "అడగందే అమ్మైనా పెట్టదంటరు. వాళ్ల పిల్లలు, వాళ్లకే ఫికర్ లేకపాయె."

"అడిగినోనికి అంగడోడు గూడ పెడ్తడు," అంది నాయనమ్మ. "అడగకున్నా కడుపు సూసి పెడ్తదనే గదా అమ్మ అనేది!"

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకొని గుడిసెల దగ్గరికి పోయింది. ఒక ముసలామె తడికె సందులోంచి మమ్మల్ని చాలాసేపు చూసి బయటికి వచ్చింది. ఎందుకు దాక్కున్నారని నాయనమ్మ సూటిగానే అడిగింది. ఆమె కూడా అంతే సూటిగా జవాబిచ్చింది. "డప్పు కొట్టిన్రంటే గుడిసెలు పీకుమని చెప్పనీకే గదనే అవ్వా. ఎనకటి జాగల గట్లనే లేపిన్రు మమ్మల్ని. ఇప్పుడు పిల్లల్ని తోలుకరమ్మంటున్రు. పిల్లల్ని పెట్టుకొని మమ్మల్ని ఎల్లగొడ్తరేమోనని పానం ఆగమాగమైంది." నాకు నవ్వొచ్చింది. ఉప్మా పెడతామంటే ఇంత భయమా అనుకున్నాను. నాయనమ్మ నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది. తిరిగి వచ్చే దారంతా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మా నాయనమ్మ మాట్లాడకపోవడం అంటే నాకు భయం.

ఊళ్లోకి రాగానే ఇంటికి కూడా పోకుండా నేరుగా పటేలమ్మ వాకిట్లో నిలబడింది. "జర నీ కుంకుమ భరిణె ఇయ్యి పటేలమ్మా. బాల్వాడికి పిలుపుకు పోతున్న."

పటేలమ్మ నవ్వేసింది. "నువ్వు బొట్టు పెడ్తవా అవ్వా?" అంది. అక్కడున్న ఇద్దరు ముగ్గురు నేల చూశారు.

"నేనెందుకు పెడ్త? మా పిల్ల పెడ్తది. చెయ్యి దానిది, కుంకుమ నీది, పిలుపు నీది. నేను తోవ సూపిస్త, అంతే. ఎవల్ని పిలువాలె?"

"ఊరంత పిలు. మంచి పనికి తక్కువెందుకు?"

"ఊరంతనా?"

"ఊరంతనే, ఎన్నిసార్లడుగుతవ్?" అని పటేలమ్మ లోపలికి పోయి వెండి భరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఈ కాలం పిల్లలకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మాలో ఆడవాళ్లను శుభకార్యానికి పిలవాలంటే నోటిమాట చాలదు. గడప దాకా పోయి, బొట్టు పెట్టి, రమ్మని చెప్పాలి. బొట్టు పెట్టకపోతే అది పిలుపు కాదు. ఎవరైనా వెళ్తే పిలవని పేరంటానికి వచ్చిందని ముక్కు మీద వేలేసుకుంటారు. ఎవరి కుంకుమ అయితే వాళ్ల పిలుపు. బొట్టు పెట్టి పిలిచాక, వచ్చినవాళ్లను గుమ్మంలో కాదనడానికి వీల్లేదు. అలా కాదంటే పిలిచిన ఇంటికే అరిష్టం. ఇక భర్త పోయినవాళ్లకు బొట్టు పెట్టరు కాబట్టి, వాళ్ల గడప పిలుపులో ఉండదు. చెప్పుకోవడానికి చిన్న సంగతే.

నా సంగతీ ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మరిచిపోతాను. మా ఆయన పోయి కొన్నేళ్లయింది. పోయిన శ్రావణంలో మా అపార్ట్‌మెంట్ ఆడపిల్లలు, అందరూ పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్లే, పట్టుచీరలు కట్టుకొని పిలుపులకు బయల్దేరారు. నేను తలుపు వెనక కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. ఎదురింటి బెల్ మోగింది. పక్కింటి బెల్ మోగింది. మా గుమ్మం ముందు గాజుల చప్పుడు కొంచెం ఆగి, లిఫ్టు వైపు పోయింది. సాయంత్రం పక్కింటి అమ్మాయి శనగలు తెచ్చిచ్చి, "మీకు ఇబ్బందిగా ఉంటుందని పిలవలేదండి ఆంటీ," అంది. మంచి పిల్ల, నాకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయింది కూడా. ఇబ్బంది ఎవరికమ్మా అని అడగబోయి ఊరుకున్నాను. శనగలు తిన్నాను, బాగున్నాయి. నాయనమ్మ మీద మాత్రం ఆ రాత్రి చాలా బెంగ పుట్టింది.

సరే, భరిణె నా చేతికి వచ్చింది. ఊళ్లో పిలుపులు నాయనమ్మ గబగబా ముగించేసింది. ఆ తర్వాత గుట్ట దారి పట్టింది. అప్పుడు నాకు అర్థమైంది, 'ఊరంత' అని పటేలమ్మతో రెండుసార్లు ఎందుకు అనిపించిందో. మా నాయనమ్మ మామూలు మనిషి కాదు!

గుడిసెల దగ్గర నేను మొదటి గడప ముందు నిలబడి భరిణె మూత తీయగానే పిల్లలు మూగారు. ఒకామె చేతులకున్న రాతిదుమ్ము చీరకు తుడుచుకుంది, చాలదనిపించి లోపలికి పోయి మొహం కడుక్కొని వచ్చింది. నేను మునివేళ్ల మీద నిలబడితే ఆమె నా ఎత్తుకు వంగింది. బొట్టు పెట్టించుకొని, "ఎవల పిలుపు బిడ్డా?" అని అడిగింది. పటేలమ్మ పిలుపని, కుంకుమ ఆమెదేనని చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి పక్క గుడిసెవాళ్లకు చెప్పింది. పొద్దున తడికె సందులోంచి చూసిన ముసలామె బయటికి వచ్చి, "బొట్టు పెట్టి పిలిచినోళ్లు గుడిసెలు పీకరు లే," అని అందరికీ వినిపించేలా అంది. అంతే, తడికెలన్నీ తెరుచుకున్నాయి. ఒకరు మాకు గోనెసంచి పరిచారు. ఇంకొకరు నీళ్లిచ్చారు. నాయనమ్మ చెంబెత్తి గటగటా తాగి, మూతి తుడుచుకొని, ఇంకో చెంబు అడిగింది. ఎండ అట్లా ఉంది మరి.

చివరి గుడిసె ఆ చిన్నవయసు తల్లిది. గడపలో నిలబడి ఉంది, చంకలో బిడ్డ. నుదురు ఖాళీగా ఉంది. అంతకు ముందు ఏడాది తూటా పేలినప్పుడు ఆమె భర్త పోయాడని నాకు తెలుసు. నేను నేర్చుకున్న పద్ధతి ప్రకారం భరిణె మూత పెట్టి, ఆ గడప దాటి ముందుకు నడిచాను. ఆమె కూడా అది మామూలే అన్నట్టు లోపలికి తిరిగింది. కొంత దూరం పోయాక వెనక అడుగుల చప్పుడు లేదని తిరిగి చూశాను. నాయనమ్మ ఆ గడప మీద కూర్చుని ఉంది.

"ఈ గడపకు నేనొచ్చిన బిడ్డా," అంటోంది ఆమెతో. "కుంకుమ లేదు, నా నోరే పిలుపు. నన్ను గూడ ఎవ్వలు పిలువరు. నా కొడుకు పెండ్లికి నేను పెరట్ల గూసోని తలంబ్రాల మోత విన్న. పిలువకుంటే ఎట్లుంటదో నాకు ఎరుకనే. నువ్వు రావాలె. పోరిని తీస్కొని నువ్వే రావాలె."

ఆ తల్లి తల ఊపింది. నాయనమ్మ తన కొడుకు పెళ్లి గురించి అట్లా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. తిరిగి వచ్చేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "పెట్టిన బొట్లు లెక్కవెట్టుకుంట పోకు. ఏ గడప దాటి పోతున్నవో సూస్కో. పని ఆడనే ఉంటది," అంది. కోపంగా అనలేదు. బాగా అలసిపోయి అంది.

ప్రారంభం రోజు కొట్టం ముందు తోరణాలు కట్టారు. గుమ్మంలో పటేలమ్మ పళ్లెంతో నిలబడింది, అందులో కుంకుమ, గంధం, పన్నీరు. ఊరి తల్లులు వచ్చారు. గుట్ట నుంచి కూడా వచ్చారు, మొహాలు కడుక్కొని, పిల్లల తలలకు నూనె రాసి, ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నంత దగ్గరగా నడుస్తూ. పటేలమ్మ కళ్లు పెద్దవయ్యాయి; డప్పు చాటింపు వేరు, తన కుంకుమతో గుట్టను పిలవడం వేరు. నాయనమ్మ వైపు చూసింది. ఏం చేస్తుంది, పిలుపు తనది. పళ్లెం చాపింది. ముందున్న ఆ ముసలామె నుదుటికి బొట్టు పెట్టింది.

కానీ ఆ తల్లి రాలేదు. చాప మీద ఇక ఒక్క పాప కూర్చునే జాగానే మిగిలింది. "మొదలుపెడదామండి, కొబ్బరికాయ కొట్టేద్దాం," అంది గ్రామసేవిక. అంతవరకు పెరటి గుమ్మంలో కూర్చున్న నాయనమ్మ కొబ్బరికాయ తీసి తన ఒడిలో పెట్టుకుంది. "జర ఆగున్రి," అని ఆ కాయను ఆయమ్మ చేతిలో పెట్టి, నా రెక్క పట్టుకొని బయల్దేరింది. నడినెత్తిన ఎండ. నాకు కాళ్లు నొప్పి. పిలిచాం కదా, మళ్లీ ఎందుకని నేను గొణుగుతూనే ఉన్నాను. ఆమె నా రెక్క వదల్లేదు. ఆమెకూ ఆయాసం వస్తోంది.

ఆ తల్లి రాళ్లు కొడుతోంది. పిల్ల గుంజ దగ్గర ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడి, "మంచి పని మొదలువెట్టేకాడ నా మొకమెందుకవ్వా? పోరిని మీరే తోల్కపోండ్రి," అంది. మేస్త్రీ దూరం నుంచి పని ఆగిందని అరుస్తున్నాడు.

"పోరిని నేను తీస్కపోతే దిక్కులేని పిల్ల వచ్చిందంటరు. నువ్వు తెస్తే ఒక తల్లి బిడ్డ వచ్చిందంటరు," అని నాయనమ్మ ఆ రాళ్లకుప్ప మీదే కూర్చుంది. "నువ్వు లేస్తే నేను లేస్త. లేకుంటే ఈడనే గూసుంట. మేస్త్రీ నన్ను గూడ కొట్టి కంకర జేస్తడేమో సూద్దాం."

ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "అందరు నన్నే సూస్తరవ్వా," అంది.

"ఒక్కదానివైతే నిన్ను సూస్తరు. ఇద్దరమైతే ఎవల్ని సూడాల్నో తెల్వక వాళ్లే తల దించుకుంటరు. దా!"

ఆ తల్లి సుత్తె పక్కన పెట్టింది. బిడ్డ నడుముకున్న ముడి విప్పడం మొదలుపెట్టింది.

గుమ్మం దగ్గరికి మేము రాగానే మాటలు ఆగిపోయాయి. బొట్టు లేని ఇద్దరు ఆడవాళ్లు ప్రారంభం రోజు ముందు గుమ్మంలోంచి లోపలికి వస్తున్నారు. వాళ్లలో ఒకామె అసలు మా ఊరిదే కాదు. పటేలమ్మ చేతిలో పళ్లెం అట్లాగే నిలిచిపోయింది.

"ఊరంత అంటే గుట్ట గూడ ఊరేనా అవ్వా?" అంది మెల్లగా, కోపం అణచుకుంటూ.

"మరి నీ కొట్టం గోడ ఏడికెల్లి వచ్చిందమ్మా?" అంది నాయనమ్మ. "ఆ రాళ్లు గుట్టయే గదా. రాళ్లు వచ్చినంక మనుషులు రారా? నీ కుంకుమతోనే పిలుపు జేసిన. మా ఇద్దరికి కుంకుమ వద్దు తియ్యి, ఇంత గంధం పెట్టు చాలు."

నాకైతే ఉచ్చ పడేంత భయమైంది. పటేలమ్మ గంధం వేలితో తీసి నాయనమ్మ మెడకు రాసింది. తర్వాత ఆ తల్లి మెడకూ రాసింది. ఆ తల్లి అప్పుడు ఏడ్చింది, పైకే ఏడ్చింది. పటేలమ్మ, "పిల్లలకు కడుపునిండ పెట్టున్రి," అని ఆయమ్మకు చెప్పి తన ఇంట్లోకి పోయింది. ఆ రోజు మళ్లీ బయటికి రాలేదు. మిగిలిన ఆ జాగాలో పాప కూర్చుంది.

ఆ ఒక్క రోజుతో ఊరు మారిపోయిందని చెబితే అబద్ధమే. గుట్ట పిల్లలకు పళ్లేలు వేరుగా పెట్టారు. నాయనమ్మ గిన్నెలు తోమే పని తనే తీసుకొని, తోమి తోమి రోజూ అన్నీ కలిపేసేది. మర్నాడు ఎవరో మళ్లీ వేరు చేసేవాళ్లు. ఆమె మళ్లీ కలిపేది. చివరికి విసుగొచ్చి వాళ్లే మానేశారు. గెలిచానని ఆమె ఎవరితోనూ అనలేదు. "పరేషాన్ జేసిన్రు," అని నడుం పట్టుకొని పడుకునేది.

పాప సంగతి ఇంకోలా ఉంది. ఆయమ్మ ఆ పిల్లను ఎత్తుకొచ్చి కొట్టం మధ్యలో దింపితే, నేరుగా పోయి స్తంభాన్ని ఆనుకొని కూర్చునేది. నడుముకు ఏ ముడీ లేదు. అయినా ఆ స్తంభం చుట్టూనే తిరిగేది, మునుపు పేలిక ఎంత దూరం రానిచ్చేదో అంత దూరమే. బొమ్మ దొర్లిపోతే అక్కడే నిలబడి చెయ్యి చాపేది, అడుగు ముందుకు వేసేది కాదు. మిగతా పిల్లలు నవ్వేవాళ్లు. బడి వదిలాక నేను పోయి చూసేదాన్ని. నాయనమ్మ ఆ పిల్లను లాగేది కాదు, పిలిచేది కాదు. తనే స్తంభం దగ్గరికి జరిగి, ఆ పాప పక్కన కూర్చొని వత్తులు చేసుకునేది. ఇంకెన్నాళ్లని ఆయమ్మ విసుక్కుంటే, తనకేమీ తొందర లేదనేది.

ఒకరోజు పటేలమ్మ గారి కోడి పిల్లలతో కొట్టంలోకి వచ్చింది. పాప లేచింది. కోడిపిల్ల వెంట రెండడుగులు వేసింది, ఆగింది, మళ్లీ వేసింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. చాప దాటింది, గుమ్మం దాటింది, వాకిట్లో కోడిపిల్లల వెంట కేకలు పెడుతూ పరుగెత్తింది. పట్టుకోబోయిన ఆయమ్మను నాయనమ్మ చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. గుమ్మంలో కూర్చుని ఆ పిల్లనే చూస్తూ, కొంగు నోట్లో కుక్కుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. నా జన్మలో నాయనమ్మ ఏడవగా చూసింది ఆ ఒక్కసారే. ఎందుకేడుస్తున్నావని అడిగితే, కళ్లలో దుమ్ము పడిందని కసిరింది.

కొన్నాళ్లకు గుట్ట కరిగిపోయింది, పని అయిపోయింది, గుడిసెలు లేచిపోయాయి. ఆ తల్లి పోయేముందు పాపను తీసుకొని మా ఇంటికి వచ్చిందట, నేను బడిలో ఉన్నాను. ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. ఆ పాప బతికుంటే ఇప్పుడు మనవలను ఎత్తుకునే వయసు. మా గుట్ట ఉన్న దిక్కున ఇప్పుడన్నీ అద్దాల మేడలు. వాటి వెనక, ఇంకా కట్టే మేడల కోసం వచ్చినవాళ్లకు నీలం రేకుల షెడ్లు ఉన్నాయి. అక్కడి పిల్లల కోసం మేము కొందరం ఆడవాళ్లం ఒక చిన్న సంఘం పెట్టుకొని, ఒక గది నడుపుతున్నాం. ఏళ్లు గడుస్తున్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదన, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో వాదన, మా గదికి నల్లా నీళ్ల కోసం వాదన. ఎప్పుడు మానేద్దామా అని అనుకోని వారం లేదు.

శనివారాలు మాకు సాయానికి ఒక ఐటీ కంపెనీ అమ్మాయి వస్తుంది. చురుకైనది, మనసున్నది. మొన్న గదిలో కొత్త పిల్లలను చేర్చుకుందామని తల్లులను రమ్మంటే, సగం మంది కూడా రాలేదు. "అందరికీ మెసేజ్ పెట్టామండి మేడమ్. ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లు వచ్చారు," అంది. ఆ నంబర్లు ఎవరివని అడిగితే, మేస్త్రీల ఫోన్లకు పెట్టారట. నాకు కోపం రాలేదు, కోపానికి కూడా ఓపిక ఉండాలి. ఆ మేస్త్రీ చెప్పి ఉండడని కాదు, చెప్పే ఉంటాడు. కానీ ప్రతి చోటా ఒక చివరి షెడ్డు ఉంటుంది. ఒకచోట అది హిజ్రా అక్క వంట చేసుకునే గది, ఒకచోట మన భాష రాని ఒడిశా తల్లిది, ఒకచోట జబ్బు మనిషి ఉన్నందుకు ఎవరూ తొంగిచూడనిది. వాళ్లు వాళ్లంతట వాళ్లు రారు. ఒకసారి పిలిస్తేనూ రారు. వస్తే తమను ఎవరు ఎలా చూస్తారో వాళ్లకు తెలుసు. అందుకే పోవాలి, కూర్చోవాలి, వాళ్లిచ్చిన నీళ్లు తాగాలి, రేపు మళ్లీ పోవాలి.

నేను నాయనమ్మంత గట్టిదాన్ని కాను. ఆమెకున్న నోరు నాకు లేదు, ఆమెకున్న యుక్తి అసలే లేదు. ఆమె నుంచి నాకు వచ్చింది ఒక్కటే, అది నేను కోరుకున్నదీ కాదు. ఆ అమ్మాయి ఫోన్‌లో ఇంకా ఏదో చూపిస్తూనే ఉంది. నేను వింటూ వింటూ, చెయ్యి గోడకు ఆనించి లేచాను. మోకాళ్లు తిట్టుకున్నాయి. కాళ్లు మాత్రం అప్పటికే గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటున్నాయి.